సరిహద్దు సీమలో ఇంగ్లీషు చదువు



సంగారెడ్డి జిల్లాలో కొనకొమ్మన నున్న మండలము కంగ్టి. ఒక వంక కర్ణాటకము, మఱికొంత దూరమున మహారాష్ట్రము. ఈ నారాయణఖేడు సీమలో అంగడి దినమున ఒక గడియసేపు నిలిచి చెవియొగ్గిన వానికి తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, తండాలనుండి వచ్చిన వారి లంబాడీ, ఇన్నియు వినవచ్చును. బేరము ఒక భాషలో మొదలై మఱియొక భాషలో ముగియుట ఇచ్చట వింత కాదు. ఇట్టి యూరి పిల్లవాడు ఉన్నత పాఠశాల గడప త్రొక్కునప్పటికే వాని నోట రెండు మూడు నుడులు తిరుగుచుండును. వానికి బడిలో ఇంగ్లీషు చెప్పుదురు. ఆ ఇంగ్లీషు ఈ సీమకు ఏ త్రోవను వచ్చినది, ఎవరి చేతులమీదుగా వచ్చినది, వచ్చి యేమి చేసినది అను సంగతిని నేడు ముచ్చటింతును.

ముందుగా ఒక మాట. నారాయణఖేడు తాలూకా 1956 వఱకు బీదరు జిల్లాలోనిది. కావున మన చదువుల చరిత్ర బీదరు కోట నీడనే ఆరంభమగును. ఆ పట్టణమున బహమనీ సుల్తానుల మంత్రి మహమూద్ గవాను 1472లో ఒక గొప్ప మదర్సాను కట్టించెను. ఎత్తైన మీనారు, నీలిపలకల గోడలు, గ్రంథాలయము, దూరదేశములనుండి రప్పించిన పండితులు గల విద్యాపీఠ మది. పిమ్మట ఔరంగజేబు కాలమున తుపాకిమందు పేలి అందొక భాగము కూలిపోయెను. మిగిలినది నేటికిని నిలిచియున్నది. అచ్చట నడచిన చదువు అరబ్బీ, పారసీకములలోనిది. పరభాషాపాండిత్యము మన సీమకు క్రొత్తగాదని చెప్పుటకే దీనిని తలచితిని. కాని ఆ పాండిత్యము కోటలోనివారిది. మంజీరా తీరపు పల్లెలలో రైతుబిడ్డకు పరభాష యొకటి కావలయునని ఆ దినములలో ఎవ్వరును అనుకొనలేదు, రైతును అనుకొనలేదు.

కోస్తా జిల్లాలకు ఇంగ్లీషు వచ్చిన త్రోవ వేఱు, మనకు వచ్చిన త్రోవ వేఱు. అచ్చట కుంపిణీ దొరతనము సాక్షాత్తుగా నుండెను. 1835లో మెకాలే వ్రాసిన లేఖనము, 1854లో చార్లెస్ ఉడ్డు పంపిన విద్యాశాసనము అచ్చటి బడులను మలచినవి. నైజాము రాజ్యమున నవి చెల్లవు. ఇచ్చట ఇంగ్లీషు మొదట దొరల బిడ్డలకొఱకును, పిదప నవాబుల బిడ్డలకొఱకును వచ్చినది. హైదరాబాదులో సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834లోను, ఆల్ సెయింట్సు పాఠశాల 1855లోను వెలసెను. ప్రభువంశీయుల పిల్లలకై మదర్సా-ఎ-ఆలియా యేర్పడెను. అదియును హైదరాబాదు కళాశాలయు కలిసి 1887లో నిజాం కళాశాల యాయెను. అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, హైదరాబాదు నడుమ నుండియు మద్రాసు పరీక్షలకు పిల్లలను పంపుచుండెను. ఆ మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షలోనే హైదరాబాదు బాలిక యొకతె పండ్రెండేండ్లకే కృతార్థురాలై దేశమును అబ్బురపఱచెను. ఆమెయే సరోజినీదేవి. ఆమె తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులవారు ఇచ్చటి ఇంగ్లీషు విద్యకు తొలి యాచార్యులలో నొకరు.

పట్టణములో ఇంత జరుగుచుండగా పల్లెకు ఏమి దక్కినది? సాలార్‌జంగు మంత్రిత్వమున, 1859 ప్రాంతమున, ప్రతి తాలూకా కేంద్రమునను రెండేసి బడులు పెట్టవలయునని యొక యేర్పాటు జరిగెను: ఒకటి పారసీకమునకు, రెండవది దేశభాషకు. ఇంగ్లీషున కందు చోటు లేదు. అప్పటి దొరతనమునకు కావలసినది పారసీకము తెలిసిన గుమాస్తా, దేశభాష తెలిసిన పట్వారి. ఉద్యోగము ఏ భాషలో నుండునో చదువు ఆ భాష వెంట నడచును. ఈ యొక్క సూత్రమును చేతబట్టుకొన్నచో తక్కిన చరిత్ర యంతయు దానంతట విప్పుకొనును.

1880 దశకమున కచేరీలలో పారసీకము పోయి ఉర్దూ వచ్చెను. బడులలోను ఉర్దూయే పాదుకొనెను. ఆ కాలపు బడి మెట్లకు తహ్తానియా, వస్తానియా, ఫౌఖానియా అని పేర్లు. అనగా ప్రాథమికము, మాధ్యమికము, ఉన్నతము. ఫౌఖానియాను ముగించు విద్యార్థికి ముందు రెండు దారులుండెను. ఉర్దూలో చదివి ఉస్మానియా మెట్రిక్యులేషనుకు పోవు నొక దారి, ఇంగ్లీషులో చదివి హైస్కూలు లీవింగు సర్టిఫికెట్టు పరీక్షకు పోవు నింకొక దారి. మొదటిది విశాలము, రెండవది ఇఱుకు. రెండవదానిలో నడచువారు కొలదిమంది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు 1917లో ఆజ్ఞ వెలువడి, 1918లో స్థాపనము జరిగి, 1919లో తరగతు లారంభమాయెను. అందు సమస్తశాస్త్రములును ఉర్దూలోనే చెప్పిరి. ఇంగ్లీషును తప్పనిసరియైన రెండవ భాషగా నిలిపిరి. దీనికై ఒక భాషాంతరీకరణశాఖను నెలకొల్పి శాస్త్రగ్రంథములను వందలకొలది అనువదింపజేసిరి.

ఇచ్చట నా యభిప్రాయము దాచుకొనను. భారతదేశమున ఉన్నతవిద్యను ఒక దేశభాషలో చెప్పవచ్చునని చేసి చూపిన ఘనత ఉస్మానియాది. ఇతరులు మాటలాడుచుండగా వారు చేసిరి. కాని రాజ్యమునందు దాదాపు సగముమంది తెలుగువారు, మఱి పావువంతు మరాఠీవారు, వారి పిమ్మట కన్నడమువారు. వీరందఱకు ఆ దేశభాష కచేరీ భాషయే కాని యింటి భాష గాదు. కంగ్టివంటి యూరి కుఱ్ఱవానికి గణితము రియాజీ, భూగోళము జుగ్రాఫియా, చరిత్ర తారీఖు, రసాయనము కీమియా. వానికి ఇంగ్లీషు పుస్తకములోని 'బుక్' అను పదమునకు అర్థము చెప్పవలసివచ్చినప్పుడు పంతులు 'కితాబ్' అనును. కితాబనగా పుస్తకమని కుఱ్ఱవాడు తనలో తాను చెప్పుకొనవలయును. ఒక పరభాషను మఱియొక పరభాష చేతికఱ్ఱగా నేర్చుట యన్నమాట.

ఈ చేతికఱ్ఱవలన మేలును లేకపోలేదు. అచ్చ తెలుగు వర్ణమాలలో లేని రెండు ధ్వనులు ఇంగ్లీషులో తఱచుగా వచ్చును: ఎఫ్ అక్షరముది, జెడ్ అక్షరముది. ఉర్దూ చదివిన పిల్లవానికి ఈ రెండును 'ఫే', 'జే' అను నక్షరముల మూలమున ముందే పరిచితములు. మన పాతకాలపు పెద్దలలో ఉర్దూ చదివినవారి ఇంగ్లీషు ఉచ్చారణ కొన్ని చోట్ల తేటగా నుండుటకు కారణ మిదియే. అయితే అదే చదువువలన మాట మొదట జంటహల్లు వచ్చినచో ముందొక ఇకారము తగిలించుకొనుట అలవాటాయెను. 'ఇస్కూలు', 'ఇస్టేషను' అనువారు మనలో ఇంకను గలరు. చేతికి వచ్చిన చిక్కు ఇంకొకటి: ఉర్దూ వ్రాత కుడినుండి యెడమకు, తెలుగును ఇంగ్లీషును ఎడమనుండి కుడికి. ఒకే పలకమీద ఒకే చేయి రెండు దిక్కులకు నడువవలసియుండెను.

తెలుగువారు ఊరకుండలేదు. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగున మాటలాడబోగా గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ రాత్రియే ఆంధ్రజనసంఘమునకు బీజము పడెను. ఆ సభకు అధ్యక్షులు స్త్రీవిద్యకై పాటుపడిన కర్వే మహాశయులు. 1928లో మాడపాటి హనుమంతరావుగారి పూనికచే హైదరాబాదులో వెలసిన ఆంధ్రబాలికా పాఠశాల తెలుగున చదువు చెప్పినందున ఉస్మానియా గుర్తింపునకు నోచుకొనలేదు. తుదకు ఆ కర్వేగారు పూనాలో నడపుచున్న మహిళావిశ్వవిద్యాలయమే దానికి దిక్కాయెను. 1930లో ఆంధ్రమహాసభ ప్రథమ సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి యధ్యక్షతను జోగిపేటలో జరిగెను. జోగిపేట నేడు మన జిల్లాలోనిదే. ఈ పెద్దలు పోరాడినది ఇంగ్లీషుమీద కాదు. బాల్యదశలో తల్లిభాషలో బోధింపుడని కోరిరి. ఆ కోరిక తీరకమున్నే రాజ్యమే మాఱిపోయెను.

1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశమున కలిసెను. వెంటనే ఉస్మానియాలో ఉర్దూ పోయి ఇంగ్లీషు బోధనాభాషయై కూర్చుండెను. ఉర్దూలో చదివి ఉర్దూలో చెప్పుచున్న ఉపాధ్యాయులు ఒక్కపెట్టున నిరుపయోగులైనట్లాయెను. ఇంగ్లీషు వచ్చినవారి కొఱత యేర్పడి ఇతరప్రాంతములనుండి ఉద్యోగులును ఉపాధ్యాయులును రాసాగిరి. 1952లో వరంగల్లున మొదలై హైదరాబాదునకు ప్రాకిన ముల్కీ ఆందోళనమునకు గల కారణములలో ఇదియు నొకటి. ఆ సెప్టెంబరు మొదటి వారమున సిటీ కళాశాల కడ కాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. భాష మార్చుట కాగితముమీద సులువు. బడిలో అది ఒక మనుష్యుని బ్రదుకు.

పిదప 1956 నవంబరు 1న భాషాప్రయుక్తరాష్ట్రము లేర్పడినవి. బీదరు మైసూరు రాష్ట్రమునకు పోయెను. నారాయణఖేడు తాలూకాయు, జహీరాబాదు తాలూకాలో అధికభాగమును, బీదరు తాలూకాలోని న్యాల్‌కల్ ఫిర్కాయు ఆంధ్రప్రదేశమునకు వచ్చి మెదకు జిల్లాలో చేరినవి. 1947లో ఈ తాలూకాలో ఒకటవ తరగతిలో చేరిన పిల్లవాని నొకనిని తలచుకొనుడు. వాడు ఏటికొక తరగతి చొప్పున పోయి 1956 నాటికి పదవ తరగతిలో నుండును. చేరినప్పుడు బీదరు జిల్లా, ఉర్దూ కచేరీ. ముగించునప్పటికి మెదకు జిల్లా, తెలుగు రాష్ట్రము. నడుమ హిందీ వచ్చి చేరెను, పై చదువు ఇంగ్లీషాయెను. ఊరు కదలలేదు, ఇల్లు కదలలేదు, చదువుల నిచ్చెన మాత్రము వాని కాలిక్రింద మూడుమార్లు కదలెను. మన తాతలలో కొందఱు నాలుగు భాషలు మాటలాడియు ఏ యొక్కదానిలోను ఉత్తరము వ్రాయుటకు వెనుదీయుట నేను చిన్ననాట చూచితిని. అప్పుడు అది బద్ధకమనుకొంటిని.

తరువాతి కథ కొంత శాంతముగా నడచెను. 1959 చట్టముచే జిల్లా పరిషత్తు లేర్పడి ఉన్నత పాఠశాలల భారము వానిపై పడెను. నేటికిని మన పల్లెలలోని ఉన్నత పాఠశాలల నామఫలకములమీద జిల్లా పరిషత్తు పేరుండుట అందువలననే. బోధన తెలుగున స్థిరపడెను. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశముగా నిలిచెను. చిత్రమేమన, పదవ తరగతి పరీక్షలో తెలుగు మొదటి భాష, హిందీ రెండవ భాష, ఇంగ్లీషు మూడవ భాష. పేరునకు మూడవది, భయమునకు మొదటిది. ముప్పదియైదు మార్కుల గట్టు దాటలేక పొలమునకు మరలిన పిల్లలు ఈ సీమలో ప్రతి యూరను గలరు.

ఎట్లు చెప్పిరి? తొలుత వ్యాకరణమును భాషాంతరీకరణమును నడచినవి. నెస్ఫీల్డు వ్యాకరణము, పిమ్మట రెన్, మార్టిన్ అను వారి వ్యాకరణము పంతుళ్లకు వేదములు. సూత్రము వల్లించుట, వాక్యము మార్చుట. నావంటి పండితశిక్ష పొందినవానికి ఇది యింపుగానే యుండును. బాలవ్యాకరణము చదివినవానికి సూత్రమన్న భీతి యుండదుగదా. 1958లో హైదరాబాదున కేంద్ర ఆంగ్లభాషాసంస్థ యేర్పడెను. నేడది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయమై యున్నది. ఆ సంస్థలో తరిఫీదు పొందినవారివలన వాక్యనిర్మాణ పద్ధతి బడులకు వచ్చెను. సూత్రము చెప్పక, ఒకే యచ్చున పోసిన వాక్యములను నూఱుమార్లు పలికించుట దాని మర్మము. ఇది నోటికి మంచిదే, కాని పిల్లవానికి చెప్పవలసిన సంగతి యొకటి లేకున్నచో చిలుకపలుకగును. 1979 మొదలు అయిదేండ్లు బెంగుళూరు, మద్రాసు ప్రాంతముల బడులలో ఎన్. ఎస్. ప్రభు అను నాచార్యుడు వేఱొక ప్రయోగము చేసెను. పటము చూచి దారి చెప్పుట, రైళ్ల వేళల పట్టిక చూచి లెక్కగట్టుట, ఇట్టి పనులను ఇంగ్లీషులో చేయించెను. పనిమీద మనసున్నచో భాష తనంతట పట్టువడునని యాతని వాదము. ప్రపంచమున భాషాబోధకు లీ ప్రయోగమును నేటికిని చర్చింతురు.

ఇక నా యనుభవ మొకటి. ముప్పది యేండ్ల క్రిందట నేనొక పల్లె బడిలో తెలుగు పండితుడనై యుండగా ఇంగ్లీషు ఉపాధ్యాయుని స్థానము చిరకాలము ఖాళీగానుండి, ఎనిమిదవ తరగతి ఇంగ్లీషు నా మెడకు పడెను. 'నాకు రెండు కలములున్నవి' అను వాక్యమును ఇంగ్లీషు చేయుడంటిని. తరగతిలో సగముమంది 'టు మి టూ పెన్స్ ఆర్' అని వ్రాసిరి. మొదట కోపము వచ్చెను. ఇంటికి పోయి యోచించగా వారి తప్పు కాదని తోచెను. తెలుగున 'నాకు ఉన్నవి', ఉర్దూలో 'మేరే పాస్ హైఁ', మరాఠీలో 'మాఝ్యాకడే ఆహేత్', కన్నడమున 'నన్న హత్తిర ఇవె'. తుదకు సంస్కృతమునను 'మమ ద్వే లేఖన్యౌ స్తః' అనియే. కలిగియుండుటను చెప్పు క్రియ వీనిలో దేనియందును వాడుకలో లేదు; కలము నాకడ ఉండును, అంతే. ఇంగ్లీషువాడు మాత్రము 'హ్యావ్' అని తానే కర్తయై కూర్చుండును. మఱునాడు ఈ నాలుగు వాక్యములను నల్లబల్లమీద వరుసగా వ్రాసి, ఎవరి యింటి వాక్యము వారిని చదువుమంటిని. ఎన్నడును నోరు విప్పని పిల్ల లా దినమున పోటీపడి చదివిరి. తరువాత 'ఐ హ్యావ్ టూ పెన్స్' అని వ్రాసి, ఇందేమి వేఱుగా నున్నదని యడిగితిని. వారే చెప్పిరి. ఆ తప్పు ఆ తరగతిలో మరల అంతగా కనబడలేదు. నేను ఇంగ్లీషు ఉపాధ్యాయుడను గాను; నా ఉచ్చారణకు ఇప్పుడు నవ్వుకొందురు. కాని ఆ యొక్క పాఠము చక్కగా చెప్పితినని నాకు నమ్మకము.

సరిహద్దు సీమ బడులలో ఇంగ్లీషు పాఠ్యక్రమమునకు పిల్లల యింటి నుడులే మూలధనమని నే ననుటకు కారణ మిదియే. ఆ ధనమును మనము బడి వాకిట విడిపించి లోనికి రమ్మనుచు వచ్చితిమి. ఉర్దూ కాలమునను అట్లే, తరువాతను అట్లే.

2008 నాటికి మఱియొక మార్పు. తల్లిదండ్రులు పిల్లలను ప్రైవేటు బడులకు తరలించుచుండుటను చూచి, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సక్సెస్ పాఠశాలలను పేర వేలకొలది ఉన్నత పాఠశాలలలో ఆఱవ తరగతి నుండి ఇంగ్లీషు మాధ్యమ విభాగములను తెఱచెను. తెలంగాణ యేర్పడిన పిమ్మట 2018లో ఒక చట్టముచే పదవ తరగతి వఱకు ప్రతి బడిలోను తెలుగు తప్పనిసరి యాయెను. 2020లో కేంద్రము ప్రకటించిన విద్యావిధానము కనీసము అయిదవ తరగతి వఱకు, వీలైనచో ఎనిమిది వఱకు, ఇంటి భాషలో బోధింపుమనెను. 2022–23 నుండి మన రాష్ట్రమున ప్రభుత్వ పాఠశాలలలో ఒకటి మొదలు ఎనిమిది వఱకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చెను.

ఇంగ్లీషు నేర్పుట వేఱు, ఇంగ్లీషులో నేర్పుట వేఱు. ఈ భేదమును మఱచినవారిని నేను రెండు పక్షములలోను చూచితిని. అయితే కూలి చేసుకొను తండ్రి తన బిడ్డకు ఇంగ్లీషు కావలయుననుటలో తప్పేమున్నది? 1859లో గుమాస్తా పనికి పారసీకమును కోరినవాని బుద్ధియే ఇతనిదియు. ఉద్యోగము ఎక్కడ నున్నదో అతడు ఎఱుగును. తన బిడ్డ పదవ తరగతి ముగియునప్పటికి విజ్ఞానశాస్త్రమునందు ఒక పుట చదివి అర్థము చెప్పగలుగునా యనునదే యతని ప్రశ్న, నా ప్రశ్నయు.

ఆ యేడు వెలువడిన పాఠ్యపుస్తకములలో ఒక మంచి యేర్పాటు చేసిరి. ఒక పుట తెలుగు, దానికెదురుపుట ఇంగ్లీషు. తహ్తానియా ఫౌఖానియాల కాలమునుండి తెలుగు పుట యెదుట ఇంగ్లీషు పుట నేరుగా నిలుచుట, నడుమ మఱియొక దొరభాష లేకుండుట, మా వైపు బడులకు క్రొత్త. మొన్నటి వేసవిలో మా పొరుగింట ఒక బాలిక ఆ పుస్తకము తెఱచి రెండు పుటలమీదను రెండు వ్రేళ్లు పెట్టి, ఒక వాక్య మిటు, ఒక వాక్య మటు చదువుచుండెను. ఆమె తండ్రి తండానుండి వచ్చి యిచ్చట కాపురమున్నవాడు. నేను దాపున కూర్చుండి చూచుచుంటిని. ఇంగ్లీషు పుటలో ఒక మాటకడ ఆగి, తెలుగు పుటలో దాని యర్థము చూచి, అదియు తెలియక, లోనికి తిరిగి తల్లిని లంబాడీలో అడిగెను. తల్లి పొయ్యికడ నుండియే బదులు చెప్పెను. పిల్ల పెన్సిలు తీసి, పుట యంచున, తెలుగు లిపిలో ఆ లంబాడీ మాటను వ్రాసికొనెను.